ఆక్సిజన్ మీటర్ 20.3 చూపిస్తోంది, మరి ఈ తలనొప్పి ఎక్కడిది?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలోని ఒక గోదాములో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. వ్యాక్సిన్లు, ల్యాబ్ శాంపిళ్లు డ్రై ఐస్‌లో సర్ది పంపుతుంటాం. ప్యాకింగ్ గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటుంది. స్ప్లిట్ ఏసీ ఉంది, కిటికీ లేదు. పొద్దున్నే 200 కిలోల డ్రై ఐస్ బిన్ వస్తుంది. 8 గంటల షిఫ్ట్ అయ్యేసరికి, బాక్సుల్లోకి వెళ్లింది పోను 32 కిలోల దాకా తరుగు వస్తోందని స్టోర్స్ వాళ్లు రోజూ గొడవ. మధ్యాహ్నం మూడు దాటితే నలుగురికీ తలనొప్పి, ఆయాసం. ఆదివారం మాత్రం ఎవరికీ ఏమీ ఉండదు. పోయిన వారం బిన్ అడుగున మిగిలిన ముక్కలు తియ్యడానికి లోపలికి వంగిన కుర్రాడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. బయటికి తీసుకొచ్చాక అయిదు నిమిషాల్లో తేరుకున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ నాలుగు గ్యాసుల మీటర్ తెచ్చి చూశారు. ఆక్సిజన్ బయట 20.9 శాతం, గదిలో 20.3 శాతం ఉంది. సీఓ సున్నా. అలారం 19.5 దగ్గర గానీ మోగదు కాబట్టి భయం లేదన్నారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే అందరికీ 98 వచ్చింది. మిగిలిన డ్రై ఐస్‌ని రాత్రికి వాక్-ఇన్ కోల్డ్ రూమ్‌లో పెడుతున్నాం. మాది ఒట్టి అనుమానమేనా? ఏ మీటర్ కొనమని అడగాలి?

జవాబు: అనుమానం కాదు. ఆ 20.3 అంకెను మీ సేఫ్టీ ఆఫీసర్ తలకిందులుగా చదివారు. దాని లెక్క చెప్పేముందు, రేపు పొద్దున్నే చేయాల్సినవి మూడు. బిన్‌ని ఆ గదిలోంచి తీసి లోడింగ్ డాక్ దగ్గర, గాలి ఆడే షెడ్డు కిందికి మార్చండి. ఎవరూ తల బిన్ అంచు దాటి కిందికి వంచకూడదని గట్టిగా చెప్పండి. కోల్డ్ రూమ్‌లో డ్రై ఐస్ పెట్టడం ఆపేయండి. ఈ మూడింటికీ ఎవరి మంజూరూ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది కరిగి నీరవదు, నేరుగా వాయువుగా మారిపోతుంది. ఆ వాయువు గదిలో చేరినప్పుడు ఒక్క ఆక్సిజన్‌నే బయటికి నెట్టదు. నైట్రోజన్‌తో కలిపి మొత్తం గాలినే పలచన చేస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ అయిదో వంతే కదా. కాబట్టి ఆక్సిజన్ ఒక పాయింటు తగ్గిందంటే దాదాపు అయిదు పాయింట్ల కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరినట్టు. మీ దగ్గర 20.9 కాస్తా 20.3 అయింది, అంటే తగ్గింది 0.6. దాన్ని 20.9తో భాగించండి: 2.9 శాతం వస్తుంది. పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెబితే, 29,000. బయటి గాలిలో ఉండేది 420 పీపీఎం చిల్లర. 8 గంటల పనికి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన సగటు పరిమితి 5,000. 15 నిమిషాలకు మించి ఉండకూడదని అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ చెప్పేది 30,000 దగ్గర. బ్రిటన్‌లో ఆ 15 నిమిషాల పరిమితి 15,000 మాత్రమే. 40,000 అంటే నియోష్ లెక్కలో ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్న స్థాయి. 29,000 ఉన్న చోట మీ వాళ్లు పూటంతా పనిచేస్తున్నారు.

ఆ 19.5 అలారం సంగతి కూడా చూడండి. ఆక్సిజన్ 19.5కి దిగాలంటే గదిలో 6.7 శాతం కార్బన్ డయాక్సైడ్ చేరాలి. అంటే 67,000 పీపీఎం. 40,000 దాటి చాలా దూరం వెళ్లాక గానీ అది మోగదు. ఇంకో ఇబ్బంది ఉంది. ఆ మీటర్ 0.1 చొప్పున మాత్రమే అంకె మారుస్తుంది. ఒక్క 0.1 తేడా అంటే 4,800 పీపీఎం, ఇంచుమించు 8 గంటల పరిమితి మొత్తం. దానికి కనబడే అతి చిన్న మార్పే మీకు గీత దాటడం అన్నమాట. పైగా ఆక్సిజన్ సెన్సర్‌లో 0.1, 0.2 అటూ ఇటూ కావడం మామూలే. అందుకని 29,000 అన్నది కచ్చితమైన కొలత అనను.

అయితే దాన్ని సరిచూసుకునే దారి మీ ఉత్తరంలోనే ఉంది: స్టోర్స్ వాళ్ల తరుగు లెక్క. పోయిందని వాళ్లు గొడవ పడుతున్న 32 కిలోలూ మీరు పీల్చే గాలిలోకే వెళ్లాయి. 8 గంటలకు 32 అంటే గంటకు 4 కిలోలు. కిలో డ్రై ఐస్ గది వేడిమికి దాదాపు 0.55 ఘనపు మీటర్ల వాయువు అవుతుంది. అంటే గంటకు 2.2 ఘనపు మీటర్లు. మీ గది 60 ఘనపు మీటర్లు. తలుపులు బిగించి ఉంచితే ఒక్క గంటలో 3.7 శాతానికి చేరుతుంది. తలుపు తీసి మూసినప్పుడల్లా కొంత బయటికి పోతోంది కాబట్టి 2.9 దగ్గర నిలిచి ఉంటుంది. మీటర్ అంకె, తరుగు పుస్తకం రెండూ ఒకే మాట చెబుతున్నాయి. సర్ది పెట్టిన బాక్సులు వ్యాను కోసం ఆ గదిలోనే ఎదురుచూస్తుంటే, వాటిలోంచి వచ్చేది దీనికి అదనం.

"ఆక్సిజన్ సరిపడా ఉంటే కార్బన్ డయాక్సైడ్ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న మీ ఆఫీసులో తప్పకుండా వస్తుంది. ఆక్సిజన్ 20.3కి తగ్గడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇంకో 250 మీటర్ల గుట్ట ఎక్కిన దాంతో సమానం. దానికి ఎవరికీ తలనొప్పి రాదు. బాధ పెట్టేది కార్బన్ డయాక్సైడే. అది రక్తంలో కలిసి ఆమ్లంగా మారుతుంది. మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి, అక్కడ మొదలవుతుంది ఆ తల బాదుడు. ఊపిరి ఎంత వేగంగా పీల్చాలో శరీరం నిర్ణయించుకునేది కూడా ముఖ్యంగా ఈ వాయువును బట్టే. అందుకే ఆయాసం. 3 శాతం దగ్గర, కూర్చుని ఉన్నా ఊపిరి లోతవుతుంది. బరువులెత్తే పనిలో ఉంటే తలనొప్పి ముందే పట్టుకుంటుంది. 5 శాతం దగ్గర ఎగశ్వాస, గుండెదడ, తల తిరుగుడు. 7 నుంచి 10 శాతం మధ్య కొద్ది నిమిషాల నుంచి గంట లోపల స్పృహ తప్పవచ్చు. 17 దాటితే ఒక నిమిషం కూడా పట్టదు: కాళ్లు మాట వినవు, మూర్ఛ, ఆపైన ప్రాణమే పోతుంది. ఆక్సిజన్ బాగానే కలిపి ఇచ్చినా ఈ ప్రభావాలు ఆగవు.

ఆక్సీమీటర్ 98 చూపడంలో వింత లేదు. అది రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందో చెబుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను కొలవదు. ఎగపోస్తున్నవాడికి ఆ అంకె ఇంకా బాగానే వస్తుంది. కోవిడ్ తర్వాత ఆ పరికరం మీద అందరికీ నమ్మకం కుదిరింది, ఇక్కడ మాత్రం అది పనికిరాదు. మీటర్ మీది సీఓ సున్నా కూడా అంతే. సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్, ఇంజన్ పొగలో ఉండే వేరే విషవాయువు. మామూలు నాలుగు గ్యాసుల మీటర్‌లో ఆక్సిజన్, మండే వాయువులు, సీఓ, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ గడి ఉండదు. ఆ మీటర్‌ని మాత్రం పారెయ్యకండి. డాక్ దగ్గర డీజిల్ బండ్లు ఇంజన్ ఆపకుండా నిలబడితే తలనొప్పికి అదీ కారణం కావచ్చు. ఆ సంగతి తేల్చేది ఆ మీటరే.

బిన్ దగ్గర కూలబడ్డ కుర్రాడి విషయం వేరు, ఇంకా గట్టిది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నాలుగు వైపులా గోడలున్న బిన్‌లో, ముక్కలు సగానికి తగ్గాక, పై సగమంతా ఇంచుమించు ఒట్టి వాయువే నిండి ఉంటుంది. అందులోకి తల దూర్చి రెండు ఊపిర్లు తీస్తే చాలు. ముక్కులో చురుక్కుమంటుంది, నోట్లో పులుపు తగులుతుంది, వెంటనే కళ్లు తిరుగుతాయి. తెల్లని పొగ కనబడటం లేదు కదా అనుకోవద్దు. ఆ పొగ గాలిలోని తేమ చల్లబడి సన్నని నీటి తుంపరగా మారినది. అది చెదిరిపోయినా వాయువు అడుగునే ఉంటుంది. ఆ కుర్రాడు బిన్ బయటికి పడటం అదృష్టం. ఇకమీద అడుగు ముక్కలకు పొడుగు పిడి స్కూప్ వాడండి. ముందు గోడ కిందికి దిగే బిన్ పంపమని సరఫరాదారుని అడగండి. కడగాల్సి వస్తే ఆరుబయట మూత తీసి, పక్కకు వంచి, పెడస్టల్ ఫ్యాన్ గాలి లోపలికి కొట్టించాకే చెయ్యి పెట్టాలి.

మీటర్ సంగతి. ఎన్‌డీఐఆర్ రకం, అంటే పరారుణ కాంతితో కొలిచే సెన్సర్ ఉన్నది అడగండి. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి అంకె రేంజి. ఆఫీసుల్లో, బడుల్లో గాలి నాణ్యత కోసం పెట్టేవి చాలావరకు 5,000 లేదా 10,000 దగ్గర ఆగిపోతాయి. మీకు 5 శాతం, అంటే 50,000 పీపీఎం దాకా చదివేది కావాలి. రెండోది, చాలామంది ఎరగనిది: ఆటో కాలిబ్రేషన్, అంటే మీటర్ తన అంకెను తనే సరిదిద్దుకోవడం. చవక రకాల్లో సెన్సర్ వారం రోజుల్లో తను చూసిన అతి తక్కువ అంకెను బయటి గాలి అనుకుని, దాన్నే 400కి సర్దేసుకుంటుంది. రాత్రిపూట ఖాళీ అయ్యే ఆఫీసుకు అది సరిపోతుంది. రాత్రీ పగలూ డ్రై ఐస్ ఉండే గదిలో అతి తక్కువే 2,000 ఉంటే, మీటర్ దాన్ని 400 అని చూపడం మొదలుపెడుతుంది. అక్కణ్నించి ప్రతి అంకెనూ అసలు కంటే తక్కువగానే చెబుతుంది. ఆ సౌకర్యాన్ని ఆపేసే వీలున్నదే కొని, ఆపేయించి, తయారీదారు చెప్పిన గడువుకు తెలిసిన గ్యాసుతో కాలిబ్రేట్ చేయించండి. అది అసలు పనిచేస్తోందా లేదా అన్నది రోజూ మీరే చూసుకోవచ్చు. మనం వదిలే ఊపిరిలో 4 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. సెన్సర్ మీదికి మెల్లగా ఊదితే అంకె ఎగబాకి అలారం మోగాలి. మోగకపోతే ఆ పూట దాన్ని నమ్మొద్దు. ఇది కాలిబ్రేషన్‌కు బదులు మాత్రం కాదు.

గోడకు బిగించేదాన్ని నేల నుంచి 30, 45 సెంటీమీటర్ల ఎత్తులో, బిన్ ఉండే వైపు పెట్టించండి. ఛాతీ ఎత్తున పెడితే ఆలస్యంగా చెబుతుంది. అలారం దీపం, హారన్ తలుపు బయట కూడా ఉండాలి. లోపలికి వచ్చాక తెలిస్తే లాభమేముంది? 5,000 దగ్గర మొదటి అలారం: ఫ్యాన్ చూడండి, మూత వెయ్యండి. 15,000 దగ్గర రెండోది: పని ఎక్కడిదక్కడ వదిలి అందరూ బయటికి. దీంతోపాటు బిన్ దగ్గర నిలబడే మనిషి కాలర్‌కు తగిలించుకునే చిన్న మీటర్ ఒకటి తప్పనిసరి. గోడ మీది అంకె వేరు, వంగి పనిచేసేవాడి ముక్కు దగ్గరి అంకె వేరు.

మీటర్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది ఫ్యాన్ మీద. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. ఏసీ ఉంది కాబట్టి గాలి మారుతోందనుకోవడం దాదాపు ప్రతి ఆఫీసులోనూ ఉన్న భ్రమే. మీ గంటకు 2.2 ఘనపు మీటర్ల వాయువును 5,000 పీపీఎం లోపల ఉంచాలంటే గంటకు దాదాపు 480 ఘనపు మీటర్ల తాజా గాలి కావాలి. ఫ్యాన్ల వాళ్ల భాషలో 280 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 280 ఘనపుటడుగులు. ఇది కాగితం లెక్క. గదిలో గాలి మూలమూలకూ సమానంగా కలవదు. ఫ్యాన్ డబ్బా మీద రాసిన అంకె కూడా డక్టు, జాలీ పెట్టాక పడిపోతుంది. కాబట్టి రెట్టింపు, అంటే బిగించాక గంటకు 1,000 ఘనపు మీటర్లు లాగేలా అడగండి. పీల్చే నోరు నేలకు ఆనుకుని ఉండాలి, ఎందుకంటే బరువు వాయువు అక్కడే ఉంటుంది. తాజా గాలి ఎదుటి గోడలో పైనుంచి రావాలి. అలా వచ్చే దారి వదలకపోతే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఉట్టినే గింగిరాలు కొడుతుంది. ఫ్యాన్ వదిలే చోటు సెల్లార్ మెట్ల దగ్గరో, వరండాలోనో ఉండకూడదు. ఇక్కడి బెడద అక్కడికి మారుతుందంతే. లైటు స్విచ్ వేస్తేనే ఫ్యాన్ కూడా తిరిగేలా వైరింగ్ చేయించండి. కరెంటు బిల్లు పేరుతో ఎవరూ ఆపలేరు. పొద్దున ఫ్యాన్ వేసి పావుగంట ఆగి పని మొదలుపెట్టండి. ఏసీకి భారం పెరిగి గది కాస్త వెచ్చబడుతుంది, అది తప్పదు.

వాయువు పుట్టే చోటే తగ్గిస్తే ఫ్యాన్‌కీ తేలిక. పెద్ద బిన్ షెడ్డులోనే ఉంచి, గదిలోకి ఒకసారికి 20 కిలోలు పట్టే మూత డబ్బాతో తెచ్చుకోండి. ప్రతి బాక్సుకూ మూత తీసి వేస్తుండాలి, తెరిచి వదిలేయకూడదు. సన్న గుళికలు పలకల కంటే త్వరగా ఆవిరవుతాయి. పలకలు పగలగొట్టే పని ఉంటే ఆరుబయటే. సర్దిన బాక్సులు గదిలో పేర్చకుండా డాక్ మీదికి పంపండి. బాక్సు మూతకు టేపు గాలి చొరనంత బిగువుగా చుట్టకూడదు, లోపలి ఒత్తిడికి పగులుతుంది. ఇక చేతులకు పల్చటి నైట్రైల్ గ్లవుజులు ఇస్తుంటే మాన్పించండి. డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీలు. వదులుగా ఉండి, విదిలిస్తే ఊడిపోయే చలి గ్లవుజులు కావాలి, కళ్లద్దాలు కూడా.

కోల్డ్ రూమ్ గురించి ఎందుకంత పట్టుబడుతున్నానంటే, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. మిగిలింది 60 కిలోలనుకుందాం. మంచి బిన్‌లో తెల్లారేసరికి పదో వంతే పోయినా 6 కిలోలు, అంటే 3 ఘనపు మీటర్ల వాయువు. 30 ఘనపు మీటర్ల కోల్డ్ రూమ్‌లో అది 10 శాతం దగ్గర. రబ్బరు బీడింగుతో బిగిసిన తలుపు, లోపలి గాలినే తిప్పే ఫ్యాన్లు. పొద్దున్నే స్టాకు చూడటానికి ఒంటరిగా వెళ్లిన మనిషి అరల వెనక పడిపోతే ఎవరికీ తెలియదు. పోనీ ఐస్ మిగులుతుందా అంటే అదీ లేదు. బయట 30 డిగ్రీలు, లోపల 5 డిగ్రీలు. మైనస్ 78తో పోలిస్తే రెండూ వేడే. తరుగులో పావు వంతు కూడా తగ్గదు. రాత్రికి మిగిలింది షెడ్డులో, తాళం వేసిన జాలీ గదిలో, మూతపెట్టిన బిన్‌లోనే ఉంచండి. లేదా ఆర్డరు తగ్గించి రోజూ తాజాగా తెప్పించండి.

ఎవరైనా పడిపోతే ఏం చెయ్యాలో ముందే అందరికీ చెప్పి ఉంచాలి. ఊపిరి బిగపట్టి లోపలికి పరిగెత్తడం వద్దు. మనిషిని లేపేటప్పుడు ఊపిరి తీయకుండా ఎవరూ ఉండలేరు. మన పల్లెల్లో పాత బావిలో దిగినవాడి కోసం దిగినవాళ్లు ఒకరి వెనక ఒకరు పోవడం ఇలాగే జరుగుతుంది. లాంతరు దింపి చూసే పద్ధతినీ నమ్మొద్దు. మంట ఆరేది ఆక్సిజన్ 16, 17 శాతానికి దిగాకే. అప్పటికి కార్బన్ డయాక్సైడ్ మనిషిని పడగొట్టేంత ఉండవచ్చు. గుడ్డ మాస్కు, ఎన్95, బొగ్గు కార్ట్రిడ్జి మాస్కు, ఏదీ ఈ వాయువును ఆపదు. బయటినుంచే షట్టర్లు ఎత్తండి, ఫ్యాన్ వేయండి, 108కీ 101కీ ఫోన్ చేయండి. సిలిండర్ గాలి పీల్చే పరికరం ఉండి, దాని శిక్షణ ఉన్నవాళ్లే లోపలికి వెళ్లాలి. బయటికి తెచ్చాక ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి.

రోజువారీ తలనొప్పి స్వచ్ఛమైన గాలిలోకి వస్తే మెల్లగా తగ్గిపోతుంది. మరునాటికీ తగ్గకపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి ఉన్నా, ఒక్కసారైనా స్పృహ తప్పినా డాక్టర్‌కు చూపించాలి. మీ కుర్రాణ్ని కూడా ఒకసారి చూపించండి, ముఖ్యంగా పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే. "డ్రై ఐస్ గదిలో పనిచేస్తాను" అని డాక్టర్‌కు చెప్పడం ముఖ్యం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూసే పరీక్ష బయటికొచ్చిన కాసేపటికే మామూలైపోతుంది. మరునాడు చేస్తే ఏమీ దొరకదు, ఏమీ జరగలేదని రాస్తారు. ఉబ్బసం, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లను, గర్భిణులను గాలి ఏర్పాటు అయ్యేదాకా ఆ గది పనికి దూరంగా పెట్టండి.

మేనేజర్ దగ్గరికి తలనొప్పి కబురు పట్టుకెళితే టీ తాగమంటారు. తరుగు పుస్తకం పట్టుకెళ్లండి. ఒక కాగితం మీద గది కొలతలు, గంటకు 4 కిలోలు, 2.2 ఘనపు మీటర్లు, 20.9 నుంచి 20.3, ఈ నాలుగూ వేసి, కిందే బిన్ దగ్గర పడిపోయిన రోజు, సమయం రాసి, సంతకంతో ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. రెండు వారాల పాటు ఎవరికి ఏ గంటకు తలనొప్పి మొదలైంది, బయటికెళ్లాక ఎంతసేపటికి తగ్గింది అన్నది రిజిస్టర్‌లో రాయించండి. అయినా కదలకపోతే రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

మీరు అడగలేదు గానీ, బాక్సులు తీసుకెళ్లే డ్రైవర్లకు కూడా ఒక మాట చెప్పండి. క్యాబిన్‌కూ సరుకుకూ మధ్య గోడ లేని వ్యానులో ఏసీని లోపలి గాలి తిప్పే మోడ్‌లో పెట్టి, అద్దాలు ఎత్తేసి నడపకూడదు. బయటి గాలి మోడ్‌లో ఉంచి ఒక అద్దం కాస్త దించాలి. బండి ఆపి అందులోనే నిద్రపోకూడదు. బహుళ అంతస్తుల ఆసుపత్రికి ఇచ్చేటప్పుడు బాక్సులను లిఫ్ట్‌లో ఒంటరిగా పంపి, మనిషి మెట్ల మీదో ఇంకో లిఫ్ట్‌లోనో వెళ్లాలి.